పెళ్లిచూపుల నాడు వంటింట్లో కోతి

నన్ను చూడడానికి భిక్నూరు నుంచి పెళ్లివారు వస్తున్నారని ఆ రోజు మా లింగంపేట ఇంట్లో పొద్దున్నుంచే హడావుడి. రోజూ బీడీలు చుట్టే అమ్మ, ఆకుల చాటను మంచం కిందికి తోసి గారెలకు కూర్చుంది. మా వాడలో కోతుల బెడద ఎక్కువ. వంటగది పెరట్లో విడిగా ఉంటుంది కాబట్టి బాపు కర్ర పట్టుకుని కాపలా కాశాడు. ఆటో ఆగిన చప్పుడు వినగానే కర్ర గోడకు ఆనించి ఎదురెళ్లాడు. అమ్మా నేనూ ఆయన వెనకే వెళ్లాం.

కోతికి ఆ సందు చాలు.

అబ్బాయి, వాళ్ల అమ్మ ముందు గదిలో కూర్చుని మంచినీళ్లు తాగుతుంటే వంటగదిలో గిన్నె పడింది. అమ్మా నేనూ పరుగెత్తాం. లోపల పెద్ద మగకోతి. మమ్మల్ని చూసి బెదిరి తలుపు మీదికి దూకింది. తలుపు దభీమని మూసుకుంది, లోపలి ఇనుప గడియ దానంతటదే పడింది.

"ఇప్పుడెట్లనే బిడ్డా! వాళ్ల ముందట ఏం పెట్టాలె?" అంటూ అమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది.

కోతి కిటికీ ఊచల వెనక కూర్చుని గారె నములుతూ మమ్మల్ని చూస్తోంది. బాపు కర్రతో బెదిరిస్తే కర్రనే లాక్కుంది. ఈలోగా పెళ్లివారూ పెరట్లోకి వచ్చేశారు. అప్పటిదాకా తల దించుకుని కూర్చున్న అబ్బాయి, తాము తెచ్చిన సంచిలోంచి అరటిపండు తీశాడు.

"నేను కిటికీ కాడ దాన్ని ఆపుత. మీరు గడియ తీస్తరా?" నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

"తీస్త. మరి అది మీదికొస్తే?"

"వస్తే ఉరుకుదాం."

నవ్వు ఆపుకుంటూ, అమ్మ బీడీ ఆకు కోసే కత్తెర తెచ్చాను. తలుపు సందులో దూర్చి గడియ లేపితే జారింది. మళ్లీ లేపితే మళ్లీ జారింది. చివరికి ఎలాగో లేచింది. తలుపు తోసి పక్కకు తప్పుకున్నాను. కోతి ఆయన చేతిలోని పండు లాక్కుని, ఇంకో చేత్తో గారె పట్టుకుని, దర్జాగా బయటికొచ్చి గోడెక్కింది. బాపు తిట్లను అది లెక్కచేయనే లేదు.

లోపల పాలు ఒలికిపోయాయి. నేలంతా పిండి, కొరికి పారేసిన గారెలు. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అబ్బాయి వాళ్ల అమ్మ కొంగు దోపుకుని చీపురు అందుకుంది.

"ఊకో వదినా. మా ఇంట్ల గూడ గిట్లనే చేస్తయ్. నీ బిడ్డ జరంత గూడ భయపడలే. మాకు గసుంటి పిల్లనే కావాలె."

ఆ రోజు వాళ్లకు పాలు లేని చాయ్ తప్ప ఏమీ పెట్టలేకపోయాం. దాన్నే మళ్లీ అడిగి తాగారు.

ఇప్పుడు నేను భిక్నూరులో ఉంటున్నాను. ఇక్కడా కోతులకు కొదవ లేదు. అత్తమ్మ పెరడంతా ఇనుప జాలీ కొట్టించింది. చుట్టాలు చూసి కోళ్లగూడు అని నవ్వుతారు. మొన్న ఒక కోతిపిల్ల జాలీలోంచి చెయ్యి దూర్చి అత్తమ్మ కళ్లద్దాలు లాగబోయింది. ఆమె దాని చేతి మీద మెల్లగా ఒకటి వేసి, "పో, మీ అవ్వకు చెప్త" అని బెదిరించింది.