అత్తగారు చెప్పిన సుఖప్రసవం

పోయిన వారం నెలలు నిండుతున్న మా అమ్మాయికి తోడుగా కుప్పంలో ఆసుపత్రికి వెళ్లాను. మీ అమ్మకు కాన్పుల్లో ఏమైనా కష్టమైందా అని డాక్టరమ్మ అడిగితే, "మాయమ్మకు రెండూ సుఖప్రసవాలే మేడం, మా అవ్వ ఎప్పుడూ చెప్తాండె" అని అది నవ్వుతూ జవాబిచ్చేసింది. పక్కనే కూర్చున్నది నేను, ఆ మాట మాత్రం మా అత్తగారిది.

నా తరం వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, పుంగనూరులో మా అత్తగారింట్లో పురుడు కోడలిదే అయినా దాని కబురు మాత్రం అత్తగారిది. పుట్టింటికి వెళ్లకముందే నొప్పులొచ్చి పెద్దవాడు ఆ ఇంట్లోనే పుట్టినప్పుడు, మాయ పడ్డాక కూడా రక్తం ఆగక, కళ్లు బైర్లు కమ్మి, ఇక నా పని అయిపోయిందని నేను అనుకుంటుంటే, గుడ్డలు మారుస్తున్న మా అత్తగారు "పోనీమ్మే, అది సెడు రక్తం, ఎంత పోతే అంత మంచిది" అని తృప్తిగా అన్నారు. ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు, బాలింతకు తినిపించే కాయం మందు ఆవిడలా చేసేవాళ్లు మా వీధిలోనే లేరు, నిజంగానే అలా నమ్మారు. పురిటి కష్టం పైకి చెప్పుకుంటే బిడ్డకు దిష్టి అని కూడా అన్నారు. చూడ్డానికి వచ్చిన మా అమ్మతో కూడా బాగానే ఉన్నానన్నాను, ఎందుకంటే అత్తగారు గుమ్మంలోంచి కదల్లేదు.

రెండో కాన్పుకు మదనపల్లె ఆసుపత్రిలో నర్సమ్మ, పోయినసారి రక్తం ఎక్కువ పోయిందా అని నన్నే అడిగింది. అత్తగారు నా చెయ్యి పట్టుకుని "ఏం లేదమ్మా, ఒళ్లు శుభ్రమయ్యేంత పోయింది, అంతే" అన్నారు. అది ఎక్కువో మామూలో అప్పటికి నాకే అనుమానం, ఇంకొకరి పురుడు నేనెక్కడ చూశాను గనక? ఆ సాయంత్రం మా అమ్మాయి పుట్టాక మళ్లీ అదే వరస, డాక్టర్లు పరుగున వచ్చి రక్తం ఎక్కించి నన్ను దక్కించారు. ఇంటికి రాగానే అదీ సుఖప్రసవమే అయిపోయింది, కాదనడానికి ఆ ఇంట్లో నాకు నోరెక్కడిది?

మొన్న కుప్పంలో మాత్రం మొత్తం చెప్పేశాను. మా అమ్మాయి బిత్తరపోయి "ఇన్నాళ్లూ యాల చెప్పలేదమ్మా?" అంది. డాక్టరమ్మ దాని కాన్పుకు రక్తం సిద్ధంగా ఉంచుతామని చెప్పి, మొదటిసారి ఎన్ని గుడ్డలు తడిశాయి, ఎంతసేపటికి ఆగింది అని నన్ను నెమ్మదిగా అడిగింది.

ఈ రోజుల్లో ఆడమనిషి కాన్పు సంగతి ఆ మనిషినే అడుగుతున్నారు, ఎంత బాగుందో! కానీ నేనేం చెప్పను? గుడ్డలు మార్చింది మా అత్తగారు, ఆవిడ పోయి ఏళ్లయింది. నా ఒంటికి జరిగింది నాకు గుర్తున్నది కూడా ఆవిడ మాటల్లోనే.