మా అత్త అడిగిన పజోరు

మా అత్త పోయిందట. ఈ మాట నా చేత్తో రాసి కూడా నమ్మలేకపోతున్నాను. సోమవారం పొద్దున నేను మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే, మా ఊరి జీపు డ్రైవరు బడి ముందు బండి ఆపి, దిగకుండానే, "టీచరమ్మా, మీ అత్త నేదు" అన్నాడు. ఎక్కడికెళ్ళిందని అడిగాను. నిజంగా అలాగే అడిగాను. అతను తల దించుకునేసరికి గానీ నా బుర్రకెక్కలేదు. వెనక పిల్లలు మాత్రం ఎక్కం ఆపకుండా చెబుతూనే ఉన్నారు.

మీరే చెప్పండి, ఎలా నమ్మను? శుక్రవారం అరకు సంతలో నా పక్కనే ఉంది మనిషి. అల్లం ధర దగ్గర షావుకారుతో పేచీ పెట్టుకుని గెలిచి, ఆ సంబరంలో నాకు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టింది. చిక్కిపోయానని తిట్టింది. వచ్చే సంతకి అంబలికని చోడిపిండి తెస్తానంది. ఒక మాత్ర మింగిన మనిషి కాదు, ఒక రోజు మంచాన పడ్డ మనిషి కాదు. ఆదివారం కాఫీ పళ్ళు కోయడానికి తోటకెళ్ళి, పక్కన కోస్తున్నవాళ్ళతో ఎవరి మీదో చాడీ చెబుతూ చెబుతూ కూలబడిపోయిందట. ఆ చాడీ ఎవరి మీదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మా అత్త మొదలుపెట్టిన మాటని పూర్తి చెయ్యకుండా వదిలెయ్యడం నాకు తెలిసి అదే మొదలు.

ఆమె మా నాన్నకి అక్క. మొగుడు పోయాక పుట్టిన ఊరికే తిరిగొచ్చి, మా ఇంటికి ఎగువన పాక వేసుకుంది. పిల్లల్లేరు. అడ్డచుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకునే ఊరందరితోనూ మాట్లాడేది, అయినా ఒక్క అక్షరం మింగేది కాదు. మా ఇంటికొస్తే కూర్చోకముందే కుండ మూత తీసి చూసేది. అంబలి పలచగా ఉంటే మా అమ్మకి ఆ పూట గండమే. అడగందే అమ్మయినా పెట్టదని అందరూ అంటారు కదా. మా అత్త దానికి తోక తగిలించేది, అడగడానికీ ఒక పద్ధతుందని.

ఆ పద్ధతి ఏమిటో తెలియాలంటే మా ఇటుకల పండగ గురించి చెప్పాలి. చైత్రంలో మా కొండల మీద మగాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకుని, వచ్చే పోయే బస్సునీ జీపునీ ఆపి, పాట పాడి డబ్బులడుగుతారు. దాన్నే పజోరు అంటాం. ఇచ్చినవాళ్ళ ముందు థింసా ఆడి పంపుతారు. సాయంత్రం వేట దొరక్కుండా వట్టి చేతుల్తో తిరిగొచ్చిన మగాళ్ళ మీద పేడనీళ్ళు కుమ్మరిస్తారు. మా ఊళ్ళో తాడుకి పెద్ద మా అత్తే. ఆర్టీసీ డ్రైవర్లు దూరం నుంచి ఆమెని చూసి ముందే చిల్లర తీసి పెట్టుకునేవాళ్ళు.

తొంభైల చివర్లో నాకు ఇంటరు అయింది. అరకులో సర్కారు హాస్టల్లో ఉండి చదివాను కాబట్టి అంతవరకూ ఇంట్లో పైసా అడగలేదు. విశాఖపట్నంలో బీయస్సీకి పిలుపొచ్చింది. నాన్న పిప్పళ్ళూ కాఫీ గింజలూ అమ్మినప్పుడల్లా నా చదువుకని కాస్త తీసి, వెదురు గొట్టంలో దాచేవాడు. ఆ వానల్లోనే అమ్మకి మలేరియా తలకెక్కింది. అమ్మ బతికింది, గొట్టం ఖాళీ అయింది. వచ్చే ఏడు చేరుదువులే అన్నాడు నాన్న. ఆయన తప్పేం లేదు, ఇంకేమంటాడు? నేను బుర్రూపి గొడ్ల దగ్గరికి పోయాను. ఏడుపొచ్చినా ఎవరి మీద ఏడవాలో తెలియలేదు.

అత్త వింది. చుట్ట తీసి నాన్నకేసి చూసి, "ఏడాది ఆగిన గుంట మల్లీ సదువుకెల్లడం ఈ కొండ మీద నేనెప్పుడూ సూడనేదురా" అంది. ఆ వారమే తన మేకల్ని సంతకి తోలేసింది. అమ్మ ఇంకా లేవలేని స్థితిలో ఉంది కనక నాన్న కదలడానికి లేదు. నన్ను తీసుకుని తనే బయల్దేరింది. సముద్రం చూద్దామని పక్కింటి ఆడవాళ్ళిద్దరు తోడొచ్చారు. నా ట్రంకుపెట్టె మూత సరిగా పడదు కాబట్టి చుట్టూ తాడు బిగించింది. రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా ముగ్గురూ కేకలే.

కాలేజీ కౌంటరు దగ్గర తెలిసింది, ఫీజొక్కటే కాదట, హాస్టలుకి ముందుగా డిపాజిట్ కట్టాలట. ఆ మాట మాకెవరూ చెప్పలేదు. స్కాలర్‌షిప్ వస్తుంది గానీ దసరా దాటాకే. గడువా, ఆ సాయంత్రంతో సరి. మేకల డబ్బు ఫీజుకే చాలుతుంది. గుమస్తా మంచివాడే, కానీ నా చేతుల్లో ఏముందమ్మా అన్నాడు. కొండ దిగి ఇంత దూరం వచ్చి, ఆ పెట్టె మోసుకుని మళ్ళీ అదే రైలెక్కాలి. నాకు తెలుసు, ఎక్కితే ఇక అంతే.

అత్త గుమస్తాతో వాదించలేదు. అదే వింతగా అనిపించింది నాకు. బయటికొచ్చి, పెట్టె ముందు చతికిలబడి తాడు విప్పడం మొదలెట్టింది. దేనికో అనుకున్నాను. ఆ కొస తోడొచ్చిన వాళ్ళిద్దరి చేతికీ ఇచ్చి, ఈ కొస తను పట్టుకుని, కాలేజీ గేటుకి అడ్డంగా నిలబడి పాట ఎత్తుకుంది. చినుకులు పడుతున్నాయి. ఓలమ్మో, పండగ వెళ్ళిపోయి నెలలైంది, ఇది మా కొండ కాదు, మా రోడ్డు కాదు! స్కూటర్లు కీచుమని ఆగుతున్నాయి. మా మగాళ్ళు వేటకెళ్ళారని పాడే చోట, మా గుంట చదువు వేటకెళ్తోందని మార్చి పాడుతోంది. ముష్టెత్తుకుంటున్నట్టుంది అత్తా, వద్దని నేను కొంగు పట్టుకు లాగాను. వాచ్‌మన్ కర్రతో పరుగున వచ్చాడు.

అతనికీ నాకూ కలిపి ఒకే జవాబిచ్చింది. "సెయ్యి సాపితే ముష్టి. దారాపి అడిగితే పజోరు. మేం సెయ్యి సాపనేదు బాబూ."

కొందరు విసుక్కున్నారు. కొందరు నవ్వి తాడు కింద నుంచి దూరారు. అరకు చూడ్డానికి వెళ్ళొచ్చిన వాళ్ళెవరో, ఇది వాళ్ళ పండగరా అని మిగతావాళ్ళకి చెప్పారు. ఆమె కొంగులో చిల్లర పడసాగింది. ఇచ్చిన ప్రతివాళ్ళ ముందూ ముగ్గురూ భుజాలు పట్టుకుని అడుగులు వేశారు. ఇంతలో ప్రిన్సిపాలుగారి కారొచ్చింది. ఆ కారుకీ తాడే. ఆయన దిగి సంగతి కనుక్కుని కాసేపు నుదురు రుద్దుకున్నారు. చివరికి, ఈ కొంగులో ఉన్నది ఇవాళ కట్టండి, మిగతాది స్కాలర్‌షిప్ వచ్చాక కట్టొచ్చు, నేను రాసిస్తాను అన్నారు. జాలిపడ్డారో, గేటు ముందు గోల వదిలితే చాలనుకున్నారో నాకిప్పటికీ తెలియదు. ఒక నోటు కూడా ఇచ్చారు. ఇక వెళ్తానంటే అత్త వెళ్ళనివ్వలేదు. పజోరిచ్చిన మనిషిని ఆట చూపించకుండా పంపితే పాపమట. ఆయన వానలో ఫైలు నెత్తిన పెట్టుకుని ఆట అయ్యేదాకా నిలబడ్డారు.

ఆ తర్వాత సంగతి కూడా చెప్పాలి. రెండో ఏడు ఒక పేపరు తప్పి సెలవులకి ఊరొచ్చాను. వాకిట్లో అడుగుపెట్టానో లేదో, బిందెడు పేడనీళ్ళు నా నెత్తి మీద. వేటకెళ్ళి వట్టి చేతుల్తో వచ్చిన మగాడికీ నీకూ తేడా ఏటని అడిగింది అత్త. ఊరంతా పగలబడి నవ్వింది. తర్వాత తనే కుంకుడుకాయలు కొట్టి తలంటింది, తిడుతూనే. మళ్ళీ ఏ పేపరూ తప్పలేదు నేను, ఆ కంపు అలాంటిది.

సోమవారం మధ్యాహ్నానికి ఊరు చేరాను. వాకిట్లో పడుకోబెట్టారు. వేళ్ళ నిండా కాఫీ పళ్ళ జిగురు. చుట్టూ ఇంతమంది ఉన్నారు, ఆమె ఎవరినీ తిట్టడం లేదు. డప్పులు మొదలయ్యాయి, ఎత్తారు, తీసుకెళ్ళిపోయారు. నేను వెనకే నడిచాను గానీ ఎవరి వెనక నడుస్తున్నానో నా కాళ్ళకి తెలియలేదు. మనిషి ఇంత బేగి పోవచ్చా? ఒక్క మాటైనా చెప్పక్కర్లేదా? కోపంగా ఉంది నాకు, దాచుకోవడం దేనికి.

ఆవిడకి వీడ్కోళ్ళు చేతకావు. ఫీజు కట్టిన ఆ సాయంత్రం కూడా అంతే. నేను ఎక్కడ కూర్చుని చదువుతానో చూసి కానీ వెళ్ళనంది. వరండా చివరి గది తలుపు తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. నేను లోపలికి వెళ్ళాను. ఆమె మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది, వానలో తడిసిన కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద. రా అత్తా అంటే రాలేదు. నన్ను ముందు బెంచీలో కూర్చోమంది. కూర్చున్నాను. నల్లబల్లని చూసింది, నన్ను చూసింది.

"నేనెల్తాను. నువ్వు సాగనంపడానికి రాకు. నువ్వొస్తే నేనెల్లనేను. కూకో అక్కడే" అంది.

కూర్చున్నాను. కిటికీలోంచి ముగ్గురూ గేటు దాటడం కనిపించింది, ఆమె తిరిగి చూడలేదు. మర్నాడు అదే గదికి, క్లాసుకి అందరికంటే ముందు వచ్చాను. ఇంకా ఎవరూ ఊడవలేదు. గుమ్మం బయట ఎర్రమట్టి అడుగులు ఆరిపోయి ఉన్నాయి, వేళ్ళతో సహా, రెండూ గది వైపుకే. లోపలికి ఒక్కటీ రాలేదు.