వహీదా మేడమ్ ఎక్కిన గుట్ట

మొన్న చిత్తూరు నుంచి తిరుపతికి వస్తుంటే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ సీసా మూత తీసి మోకాళ్ళకు నొప్పుల తైలం రాసుకోవడం మొదలుపెట్టింది. కర్పూరం, నీలగిరి ఆకు కలిసిన ఘాటు వాసన బస్సంతా పాకింది. కిటికీ తెరవమని వెనక సీటువాళ్ళు గొణిగారు. నేను వినబడనట్టు ఊరుకున్నాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు వహీదా మేడమ్ కళ్ళముందుకు వస్తారు. ముతక నేత చీర, దాని కింద మగవాళ్ళ కాన్వాసు బూట్లు, చంకలో గొడుగు. మా పురపాలక సంఘంలో ఆమె అసిస్టెంట్ ఇంజనీరు. నేను ఆమె కింద కాంట్రాక్టు మీద పనిచేసే వర్క్ ఇన్‌స్పెక్టర్ని. ఊరు చిత్తూరు జిల్లాలోదే గాని పేరు ఇక్కడ రాయను. రాస్తే ఈ కథలో అబద్ధమాడినవాణ్ణి పట్టుకోవడం మరీ సులువైపోతుంది. ఆ అబద్ధమాడినవాణ్ణి నేనే.

నా అబద్ధాల సంగతి ముందే చెప్పేస్తాను. ఎవరికీ నష్టం లేని సరుకు అని చాలా ఏళ్ళు నమ్మాను. పులికాట్ దగ్గర మా మేనమామ పట్టిన రొయ్య మీసాన్ని నాయుడుపేటలో బట్టలారేసుకునే తీగగా కట్టుకున్నారని చెప్పేవాణ్ణి. గూడూరు నిమ్మకాయ ఒకటి లారీలోంచి జారి హైవే మీద అడ్డంగా పడితే అరగంట బస్సులు ఆగిపోయాయని చెప్పేవాణ్ణి. టీకొట్టు దగ్గర నా బెంచీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. మేడమ్ కూడా వినేవారు. నవ్వేవారు కాదు గాని, అంతా అయ్యాక నింపాదిగా, "ఆ రొయ్య ఎంత లోతు నీళ్ళల్లో ఉండిందప్పా?" అని అడిగేవారు. మోకాలి లోతు అన్నాను ఒకసారి. "అట్లయితే మీసం బయటే కనబడతా ఉంటాది. పట్టేదానికి సులువే," అని మళ్ళీ ఫైల్లోకి తల దించుకున్నారు.

ఆమెది బిందెలకు, బకెట్లకు మాట్లు వేసే ఇల్లు. వాళ్ళ నాన్న ఎంత చిన్న చెంబు బాగుచేసినా నీళ్ళు నింపి, గడపమీద పెట్టి, కాసేపు చూసిగాని తిరిగి ఇచ్చేవాడు కాదట. ఆ అలవాటు ఈమె ఉద్యోగంలోకి వచ్చింది. వాన మొదలైతే ఆఫీసులో అందరూ లోపలికి పరుగెత్తితే ఆమె బయటికి నడిచేవారు, నన్ను వెంటేసుకుని. వాన నీటిని చెరువుకు తెచ్చే వరవ కాలువలు కాగితం మీద కాదు, వానలోనే కనబడతాయని ఆమె పట్టు. ఎండాకాలంలో ఎవడైనా కాలువ చూపించగలడు, నీళ్ళు దాన్ని ఒప్పుకోవాలి కదా అనేవారు. నీళ్ళ వెంబడి ముళ్ళకంపల్లో, ఇళ్ళ సందుల్లో, ఇటుక బట్టీల వెనక నడిచేవాళ్ళం. నీళ్ళు ఆగిన చోట ఆమె ఆగి పుస్తకంలో రాసుకునేవారు. నేను తడిసి తుమ్ముతూ, ఈ ఉద్యోగం కంటే ఆ రొయ్యకు మీసంగా పుట్టడం మేలనుకునేవాణ్ణి.

అప్పుడే మా ఊరి చెరువును బాగుచేయడానికి బాండ్లు వేయాలన్న మాట వచ్చింది. అంటే ఊరే తన చెరువు కోసం, దాని కాలువలూ వంకలూ తిరిగి తెరవడం కోసం జనం దగ్గర సొమ్ము తీసుకుంటుంది; ఇన్నేళ్ళకని మాటిచ్చి వడ్డీతో తిరిగి ఇస్తుంది. పెద్ద సంస్థలే కాదు, మామూలు మనుషులూ కొనవచ్చు. కొనేవాళ్ళకు ఇచ్చే వివరాల పుస్తకంలో చెరువుకు ఏయే కాలువలున్నాయి, ఏది పూడింది, ఏది తెరిస్తే ఎంత నీరు వస్తుంది అన్నీ రాయాలి. పది కాలువలు మేడమ్ స్వయంగా నడిచి రాశారు. ఇంకేమైనా మిగిలాయేమో ఊరి పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పింది రాసుకుని వేలిముద్రలు వేయించుకు రమ్మని ఆ మే నెలలో నన్ను పంపారు.

మొదట మునిరత్నం నాయుడు గారి అరుగు మీద కూర్చున్నాను. చెరువు కింద సేద్యం చేసిన పాతకాలపు రైతు. ఆయన గొంతు సవరించుకుని, రాజుల కాలంలో గుట్టను తొలిచి అవతలి వాన నీళ్ళు ఇవతలికి తెచ్చిన సొరంగం కాలువ ఒకటి ఉందని, దాంట్లో రెండు ఏనుగులు పక్కపక్కన నడిచేవని, ఇది తన తాత చెప్పగా విన్నానని చెప్పాడు. ఆ సొరంగాన్ని తవ్వింది రాజులు కాదు. ఇరవై ఏళ్ళ కిందట టీకొట్టు దగ్గర ఒక మధ్యాహ్నం పొద్దుపోక నేను తవ్వాను. నా సొరంగంలో ఒక ఏనుగే నడిచేది.

ఆ తర్వాత ఇంకో ఆరుగురు అదే చెప్పారు. ఆపి ఉండవలసింది. ఆపలేదు. ఎండ ఒక కారణం. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది: నా కథ కింద ఏడుగురు పెద్దమనుషులు వేలిముద్ర వేస్తుంటే నాకు ఎక్కడలేని గర్వం కలిగింది. "పదకొండవది సొరంగం కాలువ. పూడిపోయి ఉంది. తెరవవచ్చు," అని రాసి మేడమ్ బల్ల మీద పెట్టాను. అప్పటికి ఆమె మోకాళ్ళు రాగిముద్దల్లా వాచి, కుర్చీలోంచి లేవడమే గగనంగా ఉంది. పోయి చూశావా అని అడిగారు. చూశానని చెప్పాను. ఏడు వేలిముద్రలూ ఒక్కొక్కటిగా చూసి సంతకం పెట్టారు.

పుస్తకం అచ్చయింది. పది కాలువలను ఎవరూ పట్టించుకోలేదు గాని సొరంగం బొమ్మ అట్టమీదికి ఎక్కింది. వార్డు సమావేశాల్లో జనం దాని గురించే అడిగారు. అమ్మకం ఇంకా మూడు వారాలుందనగా ఒక పొద్దున రాణెమ్మ మా ఆఫీసుకు వచ్చింది. ములగకాయలు, ఆకుకూరలు గంపలో పెట్టి అమ్ముకునే మనిషి. గుట్ట కింద ఎకరంన్నర చేను ఉంది. అప్పటికి రెండు బోర్లు ఎండిపోయాయి. మూడో బోరుకని దాచుకున్నది కొంగున కట్టుకుని వచ్చింది.

"బోరు ఏస్తే నీళ్ళు పడతాయో లేదో ఎవురికి తెలుసు సామీ. ఇది రాజులు తవ్వింది గదా, నీళ్ళు తప్పవు. బోరు వద్దులే అనుకున్నా. ఈ దుడ్డు మీ చెరువుకే ఇస్తా," అంది నాతో. తర్వాత కొంచెం దగ్గరికి జరిగి, "కాలువ నా కయ్య పక్కనే గదా వచ్చేది?" అని అడిగింది.

బాండులో పెట్టిన సొమ్ము ఏళ్ళ తరబడి కదలదు. వడ్డీ వస్తుంది, అసలూ వస్తుంది. కాని అన్నేళ్ళూ ఆమె చేనికి చుక్క నీరు రాదు. అమ్మకం తెరిచాక రమ్మని పంపేశాను. ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక మేడమ్ ఎదురుగా నిలబడ్డాను. ఆమె మోకాలికి తైలం రాసుకుంటున్నారు.

"మేడమ్, ఆ సొరంగం లేదు."

"పూర్తిగా పూడిపోయిందా?"

"ఎప్పుడూ లేదు. నేనే కల్పించి చెప్పినా. ఆ ఏడు మందికీ చెప్పింది నేనే."

ఆమె సీసా మూత తిప్పి గట్టిగా బిగించారు. రేపు పొద్దున ఏడు గంటలకు రా, పోయి చూద్దాం అన్నారు. లేదని చెబుతున్నాను కదా అన్నాను.

"ఉండాదంటే సూడకుండా నమ్మినా. లేదంటే కూడా సూడకుండా నమ్మమంటావా?"

మరునాడు ముసురు పట్టింది. మామూలు మనిషి గంటలో ఎక్కే గుట్ట అది. మాకు నాలుగు గంటలు పట్టింది. ప్రతి పది అడుగులకూ ఆమె ఏదో ఒక రాయి మీద కూర్చునేవారు. చెయ్యి అందిస్తే తీసుకోలేదు. సొరంగం నోరు ఉందని నేను రాసిన చోట ఒక బండ చీలిక, దాని ముందు నాలుగు ఏదుపంది ముళ్ళు ఉన్నాయి. మేడమ్ గొడుగు మడిచి ఆ చీలికలోకి దూర్చారు. పిడి బయట ఉండగానే కొస రాతికి తగిలింది. ఆ లోతును పుస్తకంలో రాసుకున్నారు. తర్వాత వానలో తడుస్తూ బండమీది నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చున్నారు. నీళ్ళన్నీ అవతలి వాలుకే జారుతున్నాయి.

"ఈ గుట్ట మన చెరువుదే కాదు మణీ," అన్నారు. నా వైపు చూడకుండానే, "నీ కాళ్ళు నా కాళ్ళనుకోని సంతకం పెట్టినా," అన్నారు.

తిట్టి ఉంటే దిగిరావడం తేలికయ్యేది. దిగేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకున్నారు. ఆ బరువు ఎంతో నేను ఇప్పటికీ చెప్పగలను.

ఆఫీసులో పై అధికారికి ఈ సంగతి నచ్చలేదు. పదకొండులో ఒకటే కదా, సాధ్యాసాధ్యాలను బట్టి తెరుస్తామని ఒక మాట చేర్చి వదిలేద్దామన్నాడు. లేని కాలువకు సాధ్యమేమిటి సార్ అని మేడమ్ అడిగారు. పుస్తకం వెనక్కి తీసుకున్నారు. అమ్మకం ఐదు నెలలు వాయిదా పడింది. ఆమెకు మెమో వచ్చింది. రిటైరయ్యే ముందు రావలసిన ప్రమోషను రాలేదు. తప్పు నాదని రాయమని బతిమాలాను. నువ్వు రాసింది ఉత్త కాగితం, దాన్ని నిజం చేసింది నా సంతకం అన్నారు. కొత్త పుస్తకం మొదటి పేజీలో ఆమె రాయించిన సవరణ రెండు వాక్యాలే: "పదకొండవ కాలువ లేదు. మేము నడిచి చూడకుండా రాశాము."

నాకు వేసిన శిక్ష వేరే. రాణెమ్మకూ ఆ ఏడుగురికీ ఇంటికి వెళ్ళి నా నోటితో చెప్పాలి. రాణెమ్మ విని గంప నెత్తిన పెట్టుకుని, బోరు బండివాణ్ణి నిన్ననే వద్దని పంపేశానని మాత్రం అంది. ఆరుగురు పెద్దలు తిట్టారు, వాళ్ళలో ఒకాయన నవ్వాడు కూడా. మునిరత్నం నాయుడు గారు మాత్రం నమ్మలేదు. "రేయ్ మణిగా, నువ్వు అప్పుడు కాదు, ఇప్పుడు అబద్ధం చెప్తాండావు. చిన్నప్పుడు ఆ సొరంగంలో నేను దూరినాను రా," అన్నాడు. మేడమ్‌తో చెబితే మళ్ళీ పొమ్మన్నారు. నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగోసారి ఆయన మంచం మీద ఉన్నాడు, నా మీద జాలిపడ్డాడు. ఆ సొరంగాన్ని తనతోనే తీసుకుపోయాడు. ఆ ఒక్కదాన్ని నేను పూడ్చలేకపోయాను.

అమ్మకం తెరిచిన రోజు మునుపటి సందడి లేదు. మధ్యాహ్నం రాణెమ్మ వచ్చింది. మూడో బోరులో కొంచెం నీరు పడిందట, మిగిలిన సొమ్ము కొంగున ఉంది. నా బల్ల దాటి నేరుగా మేడమ్ దగ్గరికి పోయింది.

"ఈ పది ఉండాయా మ్మే?"

"పదీ నడిచినా."

"అయితే ఒకటి రాసుకో."

మేడమ్ రిటైరైన రెండో ఏట చెరువు నిండి, మిగులు నీరు మొరవ మీదుగా పొర్లిపోయింది. ఆమె కట్ట మీద నిలబడి చూసి, ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళారు. పోయిన ఏడాది ఆమె కన్నుమూశారు.

నేను ఇప్పటికీ రొయ్య కథ చెబుతాను. మీసం ఇంకాస్త పెరిగింది కూడా. కాని బాండ్లు కొన్నవాళ్ళ కోసం ఏటా వానలయ్యాక కాలువల పరిస్థితి రాసి పంపేది ఇప్పుడు నేనే. కుర్రవాళ్ళు ఫోన్లో ఫొటోలు తీసి తెస్తారు, తేదీతో సహా. అవి పక్కన పెట్టి నడుస్తాను. ఈసారి చివరి కాలువ దగ్గర వంక ఉధృతంగా పారుతుండటంతో దాటలేకపోయాను. గడువు వచ్చేసింది. "తొమ్మిది నడిచాను. పదవది నడవలేదు," అని రాసి సంతకం పెట్టాను. మరునాడు పై ఆఫీసు నుంచి ఎవరో కొత్త అధికారి ఫోన్ చేసి, ఫొటో ఉంది కదా, ఇట్లా ఎవరైనా రాస్తారా అని విసుక్కున్నాడు.

"మా దగ్గర ఇట్లనే రాస్తాం సార్," అన్నాను.