దుమ్ము చెదరని ప్లగ్గు

డెస్మండ్ పెంగెల్లీ మెకానిక్ షెడ్డు ముందు ఎర్రమట్టి రోడ్డు మీద రోజుకి నాలుగు బండ్లు పోతే గొప్ప. ఆ దారిలో ఎవరు ఎదురుపడ్డా సరే, స్టీరింగ్ మీంచి చెయ్యి తియ్యకుండా చూపుడువేలొక్కటి పైకి లేపుతారు. తెలిసినవాడా, తెలియనివాడా, కోర్టుకెక్కిన పగవాడా అని చూడరు. భార్య పోయిన ఈ ఆరేళ్లలో డెస్మండ్‌కి చాలా రోజులు మనిషి పలకరింపంటే ఆ వేలే.

పనిమంతుడే, అందులో వంక పెట్టడానికి లేదు. బండికి స్కానర్ తగిలించి, లోపమెక్కడో చెప్పే కోడ్ చదివి, అది చెప్పిందల్లా నమ్మెయ్యకుండా తీగ తీగా తడిమి చూసే రకం. అలాంటివాడు చెయ్యకూడని పని ఒకటి చేశాడు.

తొంభై కిలోమీటర్ల అవతల వెర్నా అని, ఒంటరిగా గొర్రెలు పెంచుకునే మనిషి. అక్టోబరులో ఆమె తన పికప్‌లో ఇంజనులో లోపముందని హెచ్చరించే దీపం వెలిగిందని వచ్చింది. వేడి కొలిచే సెన్సర్ ప్లగ్గులో చిలుము పట్టిందని కోడ్ చూడగానే డెస్మండ్‌కి అర్థమైపోయింది. గీకితే రెండు నిమిషాల పని. కానీ ఆమె ఖర్జూరం కేకు తెచ్చింది. బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పింది. అతని టీ ఒక గుక్క తాగి, "నా గొర్రెలకి పోసే మందే దీనికంటే నయం" అంది. డెస్మండ్ పడీ పడీ నవ్వాడు. ఆరేళ్లయింది ఆ షెడ్డులో నవ్వు వినపడి.

ప్లగ్గు ముట్టుకోలేదు. కోడ్ చెరిపేసి, దీపం ఆర్పి, ఏదో లోపం పేరు చెప్పి పంపించాడు. మూడు వారాలకి మళ్లీ దీపం వెలిగింది, మళ్లీ వెర్నా వచ్చింది. అలా ఐదుసార్లు. సిగ్గులేని పని! అతనికీ తెలుసు ఆ సంగతి.

జనవరి అంటే అక్కడ నడివేసవి. అప్పుడు ఆరోసారి వచ్చింది. ఈసారి కేకు లేదు. మొహమంతా ఎండకి కమిలిపోయి ఉంది.

"మంగళవారం నడిదారిలో బండి ఆగిపోయింది డెస్. నలభై ఐదు డిగ్రీల ఎండ. ఐదు గంటలు బండి కింద పడుకున్నా. నీళ్లు కూడా అయిపోయాయి. పొద్దు వాలాక గానీ బండి కదల్లేదు."

"అయ్యో! నాకు కబురు చెయ్యలేకపోయావా?"

"నీకా?" ఆమె బానెట్ ఎత్తింది. "పోస్టులో చిన్న స్కానర్ తెప్పించుకున్నాలే. ఒకసారి నీళ్ల పంపు అన్నావు, ఒకసారి ఫ్యాన్ అన్నావు. కోడేమో ఈ ప్లగ్గుని చూపిస్తోంది. దాని మీద దుమ్ము చూడు. నీ వేలిముద్ర ఒక్కటైనా ఉందా?"

డెస్మండ్ ప్లగ్గు వైపు చూస్తూ అన్నాడు, "బాగుచేసేస్తే ఇంక రావనుకున్నా."

"రమ్మంటే ఊరికే వచ్చేదాన్ని కదరా సన్నాసీ! అడగడానికి నోరు పడిపోయిందా?" అంది. కోపంగా మొదలుపెట్టిన మాట చివరికొచ్చేసరికి వణికింది.

అతను ప్లగ్గు ఊడదీసి చిలుము గీకాడు. మళ్లీ మళ్లీ తుడవడంతో రెండు నిమిషాల పనికి పావుగంట పట్టింది. అంతసేపూ ఆమె ఎప్పుడూ కూర్చునే బల్ల వైపు చూడకుండా ఎండలోనే నిలబడింది.

బండి రోడ్డెక్కుతుంటే డెస్మండ్ గుమ్మంలో నిలబడి వేలు పైకి లేపాడు. వెర్నా రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. ఒక్క వేలు కూడా లేవలేదు.

ఆ దీపం మళ్లీ వెలగనే లేదట. అంత శుభ్రంగా చేశాడు పని.