గొర్రె పుట్టిల్లు

మొన్న కంటి ఆపరేషనుకు ముందు డాక్టరమ్మ, మీ ఇంట్లో ఎవరికైనా ఏ మందైనా పడదా అని అడిగితే నాకు నవ్వాగలేదు. డెబ్బైల చివర్లో జహీరాబాద్ పశువుల దవాఖాన డాక్టరు, అంటే మా ఆయన, ఇదే ప్రశ్న గొర్రెల గురించి అడిగాడని పాపం ఆవిడకేం తెలుసు?

ఝరాసంగంలో మందను సాకే ఒక అక్క ఉండేది. ఆయన గొర్రెలను చూస్తుంటే నేను పొయ్యి పక్కన కూర్చుని వేడి జొన్నరొట్టెతో పుంటికూర, అదే గోంగూర, తినేదాన్ని. అక్కకూ ఆమె పెద్ద తోటికోడలికీ మాటల్లేవు. ఇళ్ల మధ్య పొట్టి మట్టిగోడ ఒకటే. అవతలి పొగ కళ్లు మండిస్తున్నా అక్క దగ్గేది కాదు, తాను ఇక్కడే ఉన్నానని వాళ్లకు తెలుస్తుందేమోనని!

ఒక వానాకాలం ఉదయం మందకంతా కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాగించారు. మిగతావన్నీ హాయిగా మేస్తున్నాయి. ఒక నల్ల గొర్రె, దాని కూతుళ్లు మాత్రం సొంగ కారుస్తూ, వణుకుతూ కూలబడ్డాయి. మా ఆయన ముఖం పాలిపోయింది. గబగబా విరుగుడు సూది వేసి వాటి పక్కనే నేల మీద కూర్చున్నాడు.

అక్క కళ్లు తుడుచుకుంటూ మెల్లగా అంది. "మీ మందుది తప్పు గాదు సార్. గోడకవతలి కండ్లు మంచియి గావు."

మధ్యాహ్నానికి గొర్రెలు లేచి నిలబడ్డాయి. అప్పుడాయన నల్లదాని పుట్టిల్లు ఎక్కడని అడిగాడు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు దాని తల్లి అవతలి మందలోంచే వచ్చిందట. వెంటనే గోడ దగ్గరికెళ్లి తోటికోడల్ని పిలిచి, మీ గొర్రెల్లో దేనికైనా ఈ మందు పడదా అని అడిగాడు. ఆమె గోడ దగ్గరికొచ్చి చెప్పింది. "పోయినేడు గీ మందుకే మావి గూడ గిట్లనే పడ్డయి. చెల్లెనే ఏదో చేయించిందనుకొని ఎవ్వరికీ చెప్పలే."

"నేనా?" అంది అక్క, ఇటు నుంచి. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమెతో ఆడిన మొదటి మాట అదే.

మా ఆయన గోడకు ఆనుకుని ఇద్దరికీ వివరించాడు. ఆ మందును ఒంట్లో విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంటుందని, కొన్ని గొర్రెలకు అది పుట్టుకతోనే తక్కువని, ఆ లోటు వంశంలో దిగుతుందని, అందుకే తక్కినవాటికి మందైనది వీటికి విషమవుతుందని. రక్తం పరీక్షించే వీలు ఇక్కడ లేదని, ఇది తన అనుమానమేనని కూడా చెప్పాడు. తర్వాతి ఏళ్లలో ఆ వంశానికి వేరే రకం మందు ఇచ్చారు. మళ్లీ ఏదీ కూలబడలేదు.

ఆ రోజు అదంతా విన్న పెద్ద తోటికోడలు, "అంటే మా ఇద్దరి గొర్రెలు సుట్టాలే గద సార్," అంది. ముందు అక్క నవ్వింది, తర్వాత అందరం నవ్వాం. ఆ సాయంత్రం రెండిళ్ల భోజనం ఒకే వాకిట్లో జరిగింది.

కాలం మన దగ్గర్నుంచి చాలానే పట్టుకుపోతుంది గానీ, ఎందుకో ఇలాంటి సంతోషాల జ్ఞాపకాల జోలికి కాస్త ఆలస్యంగా వస్తుంది.