భిక్షం విసిరిన ఆఖరి టమాటా

భిక్షానిది విసిరే ఉద్యోగం. నవ్వకండి, ఫిల్మ్ నగర్‌లో దానికీ ఒక మనిషి కావాలి. సినిమాలో అత్తగారు అల్లుడి మీదికి విసిరే చెంబు, జనం విలన్ మీదికి విసిరే కోడిగుడ్డు, హీరోయిన్ జడలో వచ్చి పడే గులాబీ, అన్నీ కెమెరా పక్కన నిలబడి మన భిక్షం విసిరినవే. చిన్నప్పుడు షేక్‌పేట జొన్నచేలల్లో వడిసెలతో పిట్టల్ని తోలిన చెయ్యి అది. ఎనభైల్లో లైట్లు మోయడానికి స్టూడియోకి వచ్చాడు. ఓ రోజు ఎవరికో గురి కుదరకపోతే "జర ఇటియ్యుండ్రి" అని గుడ్డు అందుకున్నాడు. మళ్ళీ లైటు ముట్టుకుంటే ఒట్టు! ఆ చేతికి రోజూ నువ్వులనూనె మర్దనా. అరిగిపోతుందని అన్నం కూడా చెంచాతోనే తినేవాడు, దొరబాబులా.

పదేళ్ళు గడిచినా పాపం, విసిరింది కనబడేది గానీ విసిరినవాడు కనబడేవాడు కాదు. "నీ మొగుడు ఏ సినిమాల ఉన్నడే?" అని బస్తీలో ఆడవాళ్ళు ఆయన భార్య బాలమణిని ఎగతాళి చేసేవారు. ఆ ఉక్రోషమంతా ఇంటికొచ్చి భిక్షం మీద పడేది.

"ఒక్కపారి నీ మొకం తెరమీద సూపియ్యి, సాలు!"

చివరికి డైరెక్టర్ సూర్యప్రకాశరావు కరుణించాడు. ఎన్నికల సభలో టమాటా దెబ్బ తినే నాయకుడి వేషం. మాట ఒక్కటీ లేదు, కానీ ముఖం మాత్రం తెరనిండా! బాలమణి బస్తీ అంతా చాటింపు వేసింది.

ఖద్దరు చొక్కా తొడుక్కుని, మెడలో దండతో భిక్షం వేదికెక్కాడు. మరి టమాటా విసిరేదెవరు? ఆ ముక్క ఒక్కడికీ తట్టలేదు! అసిస్టెంటు విసిరితే మైకుకు తగిలింది. లైట్‌మేన్ విసిరితే పందిరి గుంజకు తగిలింది. "తప్పుకోండయ్యా" అని డైరెక్టరే విసిరితే, అది వెళ్ళి కుర్చీలో కునుకు తీస్తున్న ప్రొడక్షన్ మేనేజర్ అచ్యుతరామయ్య ఒళ్ళో పడింది. బుట్టలో ఇక ఒకే ఒక్క పండు మిగిలింది. పొద్దు వాలిపోతోంది.

భిక్షానికి కడుపు మండిపోయింది. తనకు తగలనందుకు కాదు, తన విద్యను కళ్ళెదుటే అంత అప్రతిష్ఠ పాలు చేస్తున్నందుకు.

"గట్లనా సార్ ఇసిరేది? సూస్తుంటే నా పానం పోతుంది!" అంటూ దిగొచ్చి, దండ తీసి అచ్యుతరామయ్య మెడలో వేసి, ఆయన్ని వేదిక ఎక్కించాడు.

"నేనేంటయ్యా, నా మొహానికి వేషమేంటి!" అని ఆయన లబలబలాడాడు.

"జర కదలకుండ నిలబడుండ్రి సార్."

"నీ వేషం పోతుందిరా పిచ్చోడా!" అన్నాడు డైరెక్టర్.

"ఎరుకే సార్."

పండు చేతిలోకి తీసుకోగానే బాలమణి గుర్తొచ్చింది. అయినా చెయ్యి ఆగలేదు. ఫట్! సరిగ్గా అచ్యుతరామయ్య ముక్కు మీద. ఒకే టేకు.

సినిమా విడుదలయ్యేదాకా ఆ సంగతి పెళ్ళానికి చెప్పే ధైర్యం చాలలేదు. బస్తీ అంతా బాలమణి వెంట హాలుకొచ్చింది. పక్క కుర్చీలో భిక్షం ముడుచుకు కూర్చున్నాడు. తెరమీద అచ్యుతరామయ్య ముఖం, ఫట్! హాలంతా గొల్లుమంది.

"ఏందే, నీ మొగుడేడి?" అంది పక్కింటి బుచ్చమ్మ.

బాలమణి తెర వంక చూసింది, మొగుడి వంక చూసింది. లేచి నిలబడింది. భిక్షం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"నడిముక్కు మీద వడ్డది, సూసినవా?" అని హాలంతా వినబడేలా అరిచింది బాలమణి. "గాడ ముక్కు పగిలినోడు కాదు, పగలగొట్టినోడు నా మొగుడు! మొకం ఎవలకైన ఉంటది. గసొంటి చెయ్యి ఎవలకుంటదే?"