రెండు నిమిషాల లోకల్ షో

2006లో నేను డెట్రాయిట్ శివారులో ఒక స్పోర్ట్స్ టాక్ రేడియో స్టేషన్‌కి చీఫ్ ఇంజనీర్‌ని. హోదా ఘనమే గాని, ఆ విభాగం మొత్తానికి నేనొక్కడినే. ట్రాన్స్‌మిటర్ నుంచి స్టూడియో మైకు దాకా ఏది మూగబోయినా నన్నే పిలిచేవారు. స్పోర్ట్స్ టాక్ అంటే ఆటల ప్రసారం కాదు, ఆటల గురించి రోజంతా వాదించుకోవడం. శ్రోతలు ఫోన్ చేసి కోచ్‌ని తిడతారు, హోస్ట్ వాళ్లని తిడతాడు. క్రికెట్ చూసి పెరిగిన నాకు అమెరికన్ ఫుట్‌బాల్ సగమే అర్థమయ్యేది, ఈ తిట్లు మాత్రం పూర్తిగా అర్థమయ్యేవి.

ఆ ఏడు యాజమాన్యం మధ్యాహ్నపు లోకల్ షో ఎత్తేసి, న్యూయార్క్ నుంచి శాటిలైట్‌లో వచ్చే నేషనల్ షో పెట్టింది. ఖర్చు తక్కువని. ఏళ్ల తరబడి ఆ షో నడిపిన టామ్‌కి స్కోర్లు చదివే పని మిగిలింది. నెలాఖరుకి అదీ ఉండదని జనరల్ మేనేజర్ వాల్టర్ చెప్పేశాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం మా ఊరి ఫుట్‌బాల్ జట్టు, ఆటంతా నడిపించే తన క్వార్టర్‌బ్యాక్‌ని వేరే జట్టుకి ఇచ్చేసింది. ఊరంతా భగ్గుమంది. న్యూయార్క్ హోస్ట్ ఆ కబురు ఒక్క వాక్యంలో చెప్పి, వాళ్ల ఊరి బేస్‌బాల్ గొడవలోకి వెళ్లిపోయాడు. మా స్టూడియోలో ఫోన్ లైన్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. అందరూ అడిగింది ఒకటే, టామ్ ఎక్కడ అని. టామ్ నా పక్కనే స్కోర్ల కాగితం నలుపుతూ నిలబడ్డాడు. అతన్ని అలా చూస్తే నాకు ఒళ్లు మండింది.

నేషనల్ షోని మధ్యలో కోయకూడదని కాంట్రాక్టు. అయితే గంటలో కొన్నిసార్లు రెండేసి నిమిషాల లోకల్ బ్రేక్ వస్తుంది. శ్రోతకి వినబడని సంకేతం ఒకటి అటునుంచి అందగానే మా కంప్యూటర్ మా ప్రకటనలు వేస్తుంది. బ్రేక్ ముగిసిన క్షణానికి మళ్లీ వాళ్లతో కలవాలి, లేకపోతే వాళ్ల మాట తెగుతుంది. షో వాళ్లదైనా బ్రేక్ మనదే కదా, అందులో టామ్‌ని పెడదామని వాల్టర్‌తో అన్నాను. ఆ మధ్యాహ్నం బ్రేకులన్నీ ఒక డెంటల్ క్లినిక్‌కి అమ్మేశామని, ఆ డాక్టర్ ఒప్పుకుంటే సరేనని ఆయన అన్నాడు. తిరిగి కలవడంలో తేడా వస్తే టామ్ కంటే ముందు నా ఉద్యోగమే పోతుందని కూడా చెప్పాడు.

డాక్టర్ మన తెలుగాయనే, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే ప్రసాద్‌గారు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే, ఆయన వేరే ఫోన్‌లో ఉన్నారని, ఎవరినీ లోపలికి రానివ్వడం లేదని రిసెప్షనిస్ట్ చెప్పింది. బ్రేక్ ముంచుకొస్తోంది. ఏం చేయాలో తోచక, ఫోన్లు తీసే అమ్మాయి ముందున్న స్క్రీన్ వైపు చూశాను. ఆరో లైన్‌లో 'ప్రసాద్, ఫార్మింగ్టన్ హిల్స్, చాలా కోపంగా ఉన్నాడు' అని ఉంది. గబుక్కున లైన్ అందుకున్నాను.

"డాక్టర్‌గారూ, నేను మూర్తిని. మీకోసం క్లినిక్‌కి ఫోన్ చేస్తుంటే, మీరిక్కడ హోల్డ్‌లో ఉన్నారేంటండీ?"

"ఏం చేయమంటారండీ! పేషెంట్‌ని మా అసిస్టెంట్‌కి అప్పజెప్పి మరీ వెయిట్ చేస్తున్నా. మన క్వార్టర్‌బ్యాక్‌ని ట్రేడ్ చేసేస్తే మీవాడు న్యూయార్క్ గోల పెడతాడా?"

మీ యాడ్ తీసేసి ఆ టైమ్ టామ్‌కి ఇస్తారా అని అడిగాను.

"యాడ్ తీసెయ్యండి సార్, నన్ను మాత్రం లైన్లోంచి తియ్యకండి!"

సంకేతం వచ్చింది. కంప్యూటర్‌ని ఆపి టామ్ మైకు తెరిచాను. టామ్ ఊరి పేరు చెప్పి ఒక్క కేక వేశాడు. మొదటి కాలర్ ప్రసాద్‌గారే, కోచ్‌ని కడిగేశారు. నేను అద్దం ఇవతల స్టాప్‌వాచ్ పట్టుకుని మిగిలిన సమయం వేళ్లతో చూపిస్తున్నాను. పిడికిలి బిగించగానే టామ్ మాట ఆపాడు, న్యూయార్క్ గొంతు అతుకు తెలియకుండా కలిసింది. అందరం ఎగిరి గంతేశాం.

సాయంత్రం దాకా ప్రతి బ్రేక్‌లోనూ అదే జరిగింది. మామూలుగా బ్రేక్ రాగానే జనం స్టేషన్ మారుస్తారు. ఆ రోజు బ్రేక్ కోసమే కాచుకుని కూర్చున్నారు. వాల్టర్ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. మరుసటి నెలనుంచి సాయంత్రం రెండు గంటలు టామ్‌కి తిరిగి ఇచ్చాడు.

నిజానికి న్యూయార్క్ హోస్ట్ టామ్ కంటే బాగా మాట్లాడతాడు, ఆటలూ ఎక్కువే తెలుసు. కాని అతనికి ఫోన్ చేసి ఎవరూ 'మన జట్టు' అనలేరు. ఆ మాట అనడం కోసం మనిషి తాను కొనుక్కున్న టైమ్‌ని కూడా వదులుకుంటాడని ఆ మధ్యాహ్నం నేర్చుకున్నాను.